చలికాలం, పాత కారు, ఇంటి షెడ్డు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో సిరిమానోత్సవం అయిపోయి, పొద్దున్నే కారు అద్దాల మీద మంచు పట్టడం మొదలైందంటే నా ఫోన్‌కి తీరిక ఉండదు. "ఆ మారుతిని బయటికి తీద్దామనుకుంటున్నాను, ముందు ఏటి చెయ్యాలి?" అని ఒకరు. "కార్బరేటర్ విప్పేశాను మాస్టారూ, రెండు స్క్రూలు మిగిలిపోయాయి" అని ఇంకొకరు. నేను మెకానిక్‌ని కాను. 1996 మోడల్ మారుతి 800 ఒకటి, సగం విప్పిన ప్రీమియర్ పద్మిని ఒకటి పెట్టుకుని పదిహేనేళ్లుగా ఆదివారాలు పాడుచేసుకుంటున్నవాణ్ణి. ఏటా అవే సందేహాలు వస్తున్నాయి కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెట్టాను. ఎవరికి ఏది కావాలో అది చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

చలికాలంలోనే ఎందుకు? వేసవి సెలవుల్లో చేసుకోకూడదా?

మే నెలలో మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద ఒక్కసారి కూర్చుని చూడండి. పానా పట్టుకుంటే చెయ్యి కాలుతుంది, చెమట కళ్లలో పడి నట్టు కనిపించదు. జూన్ నుంచి వానలు, అక్టోబర్‌లో తుఫాన్లు. నవంబర్‌ని కూడా పూర్తిగా నమ్మలేం, బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నారంటే పని ఆపి టార్పాలిన్ వెతుక్కోవాలి. కార్తీక పౌర్ణమి తర్వాత మొదలుపెట్టి సంక్రాంతికి బండి చక్రాల మీద నిలబడేలా లెక్క వేసుకోండి. వనభోజనాలు, పెళ్లిళ్లు తీసేస్తే మీ చేతిలో ఆరేడు ఆదివారాలే ఉంటాయి. అందుకే ఒక సీజన్‌కి ఒక పెద్ద పని చాలు. బ్రేకులు, రంగు, సీట్లు అన్నీ ఒకేసారి మొదలుపెట్టినవాళ్ల బళ్లు ఉగాదికి కూడా ఇటుకల మీదే ఉంటాయి. అందుకు సాక్ష్యం మా పద్మిని.

మొదటి ప్రాజెక్టుకి ఏ కారు మంచిది? నాకు అంబాసిడర్ మీద మనసుంది.

మనసున్నదే కొనుక్కోండి, కానీ ఖర్చు తెలిసి కొనుక్కోండి. నేర్చుకోవడానికి మారుతి 800ని మించింది లేదు. 1983 డిసెంబర్ నుంచి 2014 జనవరి దాకా ముప్పై ఏళ్లు తయారైంది కాబట్టి రాజాంలోనో పలాసలోనో కూడా సామాన్లు దొరుకుతాయి. 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న ఇంజన్. తేలికైన బండి, అవసరమైతే ఇద్దరు తోసుకుపోవచ్చు.

అంబాసిడర్ బోనెట్ ఎత్తితే లోపల చేతులు పెట్టడానికి కావలసినంత చోటుంటుంది, పని నేర్చుకునేవాడికి అది వరం. ఉత్తరపాడా ఫ్యాక్టరీలో తయారీ 2014లోనే ఆగిపోయింది. మనం హౌరా లైను మీదే ఉన్నాం కాబట్టి కొందరు సామాన్ల కోసం రైలెక్కి కలకత్తా మల్లిక్ బజార్‌కి వెళ్లొస్తారు. పద్మినికైతే చెన్నై పుదుపేట, ముంబై వైపు చూడాలి. కొత్తవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిదని, దాన్ని కొన్నవాడిగా చెప్తున్నాను.

పైకి రంగు నిగనిగలాడుతోంది. కొనేముందు ఇంకేం చూడాలి?

జేబులో చిన్న అయస్కాంతం, దాని చుట్టూ పల్చటి గుడ్డ. డోర్ల అడుగు, చక్రాల పైన వంపు, అడుగు పట్టీల (డోర్ల కింద బండి పొడవునా ఉండే రేకు) మీద పెట్టి చూడండి. పట్టుకోకుండా జారిపోయిందంటే అక్కడ ఇనుము లేదు, లప్పం ఉంది. తర్వాత డ్రైవర్ కాళ్ల కింది మ్యాట్ ఎత్తండి. తడి వాసన వచ్చినా, రేకు మెత్తగా నొక్కుకుపోయినా బేరం అక్కడే ఆపేయండి. ఇంజన్ ఎంత పాడైనా బాగుచేసుకోవచ్చు. కుళ్లిన ఫ్లోరు మాత్రం మన జేబు ఖాళీ చేస్తుంది. ఆర్‌సీలోని ఛాసిస్ నంబర్, బండి మీది నంబర్ ఒకటేనా అన్నది అడ్వాన్స్ ఇవ్వకముందే చూడాలి.

ఏ పనిముట్లు కొనాలి?

8 నుంచి 19 ఎంఎం దాకా రింగు పానాలు, ఒక గోటీ (సాకెట్) సెట్టు, మంచి స్క్రూడ్రైవర్లు రెండు, వోల్టులు చూసే మల్టీమీటర్, సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజ్, స్పార్క్ ప్లగ్గులు విప్పే ప్లగ్గు పానా. మొదటి ఏడాదికి ఇవి చాలు. ఒకటి మాత్రం ఇంట్లోదే తెచ్చుకోండి: పాత ఇడ్లీ రేకు. విప్పిన స్క్రూలు వరసగా ఒక్కో గుంటలో వేస్తూ, ఒక్కో గుంటకీ ఫోన్‌లో ఫొటో తీసుకుంటే చివర్లో ఏదీ మిగలదు. ఆ రేకు మళ్లీ వంటింట్లోకి పోకూడదు. మా ఇంట్లో పోయింది, ఆ సంగతి వద్దులెండి.

## చాలాకాలం నిలిచిపోయిన బండిని లేపడం

రెండేళ్లుగా పోర్టికోలోనే ఉంది. కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టేయొచ్చా?

వద్దు. రెండేళ్లలో సిలిండర్ గోడల మీది ఆయిల్ పొర కిందికి జారిపోయి ఉంటుంది. ఒక్కసారిగా సెల్ఫ్ కొడితే పిస్టన్ రింగులు పొడిగా గీసుకుంటాయి.

ముందు ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో ఒక టీ స్పూను ఇంజన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు గేరు న్యూట్రల్‌లో ఉంచి, క్రాంక్ పుల్లీ (ఇంజన్ పక్కన బెల్టు తిప్పే చక్రం) బోల్టుకి పానా వేసి చేత్తో తిప్పండి. తేలిగ్గా రెండు చుట్లు తిరిగితే సగం టెన్షన్ పోయినట్టే. ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయకండి, ఇంకొంచెం ఆయిల్ పోసి ఇంకో రోజు ఆగండి. తర్వాత ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ మార్చి, ప్లగ్గులు బిగించకుండానే కొన్ని సెకన్లు సెల్ఫ్ తిప్పండి. డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ లైటు ఆరిందంటే పైదాకా ఆయిల్ చేరింది. అప్పుడు ప్లగ్గులు పెట్టి స్టార్ట్ చేయండి. మారుతి 800కి టైమింగ్ బెల్టు (ఇంజన్ వాల్వులు వేళకి తెరుచుకునేలా తిప్పే రబ్బరు పట్టీ) ఉంటుంది. దాని వయసెంతో తెలియకపోతే మార్చేయడమే నయం.

ట్యాంకులో పాత పెట్రోల్ ఉంది. కొత్తది కలిపేస్తే సరిపోదా?

మూత తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన పోయి వార్నిష్ వాసన వస్తుంటే మొత్తం తీసేయాల్సిందే. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. అలా చేరిన నీళ్లు ఎక్కువైతే నీళ్లు, ఇథనాల్ రెండూ పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకి చేరతాయి. మన బళ్లవి ఇనుప ట్యాంకులు, అడుగున నీరు నిలిస్తే తుప్పు పడుతుంది, ఆ తుప్పు వచ్చి కార్బరేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే భాగం) లోపలి సన్నటి రంధ్రంలో, అంటే జెట్టులో, ఇరుక్కుంటుంది.

ఇంకోటి, ఆ రోజుల్లో వాడిన రబ్బరు పైపులు ఇథనాల్‌ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. మెత్తబడి, పగిలి, వేడి ఇంజన్ మీద పెట్రోల్ కారుతుంది. మొదటి పనిగా ట్యాంకు నుంచి కార్బరేటర్ దాకా ఉన్న పైపులన్నీ ఇథనాల్‌కి తట్టుకునేవి వేసి, ఫిల్టర్ మార్చండి. మొత్తం చవగ్గా అయిపోయే పని. నెలల తరబడి నిలిపేసేటట్టయితే ట్యాంకు సగంలో వదలకండి. ఖాళీ ఎంత ఎక్కువుంటే లోపల అంత చెమ్మ పడుతుంది.

ఎలకలు వైర్లు కొరికేశాయి. ఏం పెడితే రాకుండా ఉంటాయి?

వరికోతలు మొదలయ్యాక పొలాల్లో ఎలకలు ఇళ్లవైపు వస్తాయి. ఊరి చివర ఇళ్లవాళ్లకి నవంబర్, డిసెంబర్లలో ఈ బాధ ఎక్కువ. కలరా ఉండలు, పొగాకు కాడలు, పుదీనా స్ప్రే అన్నీ వాడి చూశాను. వారం పనిచేస్తాయి, తర్వాత ఆ వాసనలోనే కాపురం పెడతాయి. నిజంగా పనిచేసినవి రెండే. వారానికోసారి బండి కదిలించడం, పార్క్ చేసినప్పుడు బోనెట్ ఎత్తి ఉంచడం. వెలుతురు, గాలి తగిలే చోట ఎలక గూడు కట్టదు. దగ్గర్లో ధాన్యం బస్తాలు, కోళ్ల దాణా లేకుండా చూసుకోండి. స్టార్ట్ చేసేముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూడటం మరవొద్దు. ఓసారి మా మారుతి ఫిల్టర్‌లో గుప్పెడు వేరుశెనగ తొక్కలు, చిరిగిన కొబ్బరి పీచు, మా అమ్మాయి జడ రిబ్బను ముక్క దొరికాయి.

తుఫానుకి బండి సగం నీళ్లలో మునిగింది. ఇప్పుడు ఎండింది కదా, స్టార్ట్ చేయొచ్చా?

2014లో హుద్‌హుద్, 2018లో పలాస వైపు తిత్లీ, 2021లో కళింగపట్నం దగ్గర గులాబ్. ఒక్కో తుఫాను వెళ్లాక కొన్ని మంచి ఇంజన్లు ఇలాగే పోయాయి. పైకి ఎండినా లోపల ఎండదు. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి. డిప్‌స్టిక్ (ఇంజన్ ఆయిల్ కొలిచే పుల్ల) లాగి చూడండి. ఆయిల్ పాలు పోసిన కాఫీలా ఉందంటే నీళ్లు చేరాయి. ప్లగ్గులు విప్పి చేత్తో ఇంజన్ తిప్పి, నీళ్లు బయటికి చిమ్ముతాయేమో చూడాలి. ఇంజన్ ఆయిల్ రెండుసార్లు, గేర్ ఆయిల్ ఒకసారి మార్చాలి. బ్రేక్ డ్రమ్ములు విప్పి ఒండ్రు కడగాలి. సీట్లు, కార్పెట్లు బయటపడేసి ఎండబెట్టకపోతే ఫ్లోరు లోపలినుంచి తినేస్తుంది.

బ్రేకులు ఇంట్లో చేసుకోవచ్చా?

డ్రమ్ము విప్పి శుభ్రం చేయడం, షూలు (డ్రమ్ముని లోపలినుంచి ఒత్తి చక్రం ఆపేవి) మార్చడం నేర్చుకోవచ్చు. తిరిగి బిగించాక తెలిసిన మెకానిక్ చేత ఒకసారి చూపించుకోకుండా రోడ్డెక్కొద్దు. షూల మీద అంటించే పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ ధూళిని నోటితో ఊదొద్దు, కంప్రెసర్‌తో అసలే వద్దు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కవర్లో కట్టి పారేయండి. బ్రేక్ ఆయిల్ కూడా తేమ పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. రంగు మీద పడితే వెంటనే నీళ్లు పోయండి, లేకపోతే రంగు లేచిపోతుంది.

## చలి పొద్దున్న స్టార్టింగ్

మధ్యాహ్నం ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. పొద్దున ఆరింటికి మాత్రం మొరాయిస్తుంది. ఎందుకు?

అందరూ బ్యాటరీనే అంటారు. మన జిల్లాల చలికి బ్యాటరీ అంత తేలిగ్గా చతికిలబడదు. నేను చూసినంతలో ఎక్కువసార్లు దొంగ మంచు తడే. డిస్ట్రిబ్యూటర్ (ఒక్కో ప్లగ్గుకి కరెంటు పంచే భాగం) మూతలో, ప్లగ్గు తీగల మీద చెమ్మ చేరితే కరెంటు ప్లగ్గుకి పోకుండా పక్కదారి పడుతుంది. ఎండ వచ్చి ఆరాక అదే బండి ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది.

ఓ రాత్రి లైట్లన్నీ ఆర్పి, బోనెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగా దూరం నుంచి చూడండి. తీగల వెంట నీలంగా చిన్న చిన్న మెరుపులు పాకుతుంటే ఆ తీగలు అయిపోయినట్టే. నాకు ఇది మొదటిసారి కనిపించినప్పుడు మిణుగురులు చేరాయనుకున్నాను. మూడు తీగలూ, మూతా మార్చాక ఆ పొద్దుటి గోల మళ్లీ లేదు. కొత్తవి కొనేదాకా పొడిగుడ్డతో మూత లోపల తుడిస్తే పనైపోతుంది.

చోక్ నాబ్ (చల్లటి ఇంజన్‌కి పెట్రోల్ ఎక్కువ అందించే పిడి) ఉన్న బండికైతే చోక్ పూర్తిగా లాగి, ఏక్సిలేటర్ తొక్కకుండా ఐదు సెకన్లు సెల్ఫ్ కొట్టి, పావు నిమిషం ఆగి మళ్లీ కొట్టండి. అందుకున్నాక నిమిషం రెండు నిమిషాల్లో చోక్ మెల్లగా లోపలికి తోసేయాలి. చాలామంది మరిచిపోయి అలాగే నడిపి, "మైలేజీ రావట్లేదు, నల్లపొగ" అంటారు.

బ్యాటరీ బాగుందో లేదో ఇంట్లో ఎలా తెలుస్తుంది?

రాత్రంతా ఆపి ఉంచిన బండికి పొద్దున మల్టీమీటర్ పెట్టండి. 12.6 వోల్టులుంటే నిండా ఉంది, 12.4 దగ్గరుంటే ముప్పావు, 12కి వచ్చిందంటే అయిపోయింది. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య చూపించాలి. చూపించకపోతే బ్యాటరీని తిట్టకుండా, దాన్ని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ని మెకానిక్‌కి చూపించండి. వేసవి వేడికి దెబ్బతిన్న బ్యాటరీ చలికాలంలో బయటపడుతుంది. టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో కడిగి, ఆరాక వాజిలీన్ రాయండి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర.

మనకేం నీళ్లు గడ్డకట్టవు కదా, కూలెంట్ దండగ ఖర్చేగా?

గడ్డకట్టవు. లంబసింగి వైపు వెళ్లినా మీ రేడియేటర్‌కి వచ్చే ప్రమాదం లేదు. కూలెంట్ మనకి కావలసింది తుప్పు పట్టకుండా, వేసవిలో తొందరగా మరగకుండా. బోరు నీళ్లు పోస్తే రేడియేటర్ గొట్టాల్లో ఉప్పు పేరుకుని ఏప్రిల్‌లో బండి వేడెక్కి ఆగుతుంది. కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం పోయండి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు మూత తీయకండి.

## తుప్పు, టింకరింగ్, రంగు

తుప్పు పట్టకుండా అడుగున పాత ఇంజన్ ఆయిల్ కొట్టించమంటున్నారు. మంచిదేనా?

మా నాన్నగారి కాలం నుంచి ఉన్న అలవాటే. నేను మానేశాను. ఆ ఆయిల్‌కి రబ్బరు బుష్‌లు ఉబ్బిపోతాయి, దుమ్ము అంటుకుని అట్టలు కడుతుంది, బ్రేక్ లైనింగుల మీద పడితే బ్రేకులు పట్టవు.

దానికి బదులు డోర్ల అడుగున, అడుగు పట్టీల కింద ఉండే చిన్న నీటి రంధ్రాలు వెతికి సన్నటి తీగతో శుభ్రం చేయండి. అవి మట్టితో పూడుకుపోయి నీళ్లు లోపలే నిలవడం వల్లే సగం డోర్లు కుళ్లిపోతాయి. పైకి తుప్పు తేలిన చోట వైరు బ్రష్, 80 నంబర్ గరుకు కాగితం, ఆపై 180తో మెరిసే ఇనుము కనిపించేదాకా గీకి, అదే రోజు ప్రైమర్ వేయండి. "రేపు వేద్దాం" అని వదిలితే రాత్రి మంచుకి మళ్లీ ఎర్రబడుతుంది. చిల్లు పడిన చోట లప్పం మెత్తొద్దు, రేకు వెల్డింగ్ చేయించాలి. వెల్డింగ్ దగ్గర్లో పెట్రోల్ ట్యాంకు ఉంటే విప్పి దూరంగా పెట్టాకే పని మొదలెట్టాలి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం, లోపలంతా ఆవిరే ఉంటుంది.

సాయంత్రం స్ప్రే కొట్టాను. ఆరాక తెల్లగా పొగ పట్టినట్టయింది. పెయింట్ నకిలీదా?

పెయింట్ మంచిదే, వేళే మంచిది కాదు. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్‌లో థిన్నర్ ఆవిరవుతూ రేకుని చల్లబరుస్తుంది. గాల్లో తేమ ఎక్కువుంటే ఆ చల్లటి రంగు మీద చెమ్మ పడి తెల్లబడుతుంది. ఈ కాలంలో మంచు ఆరాక పది గంటలకి మొదలుపెట్టి మూడింటికల్లా ఆపేయాలి. హార్డెనర్ కలిపే పెయింట్లు ఇంట్లో కొట్టొద్దు. వాటిలోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకి చేటు, ముక్కుకి కట్టుకున్న తువ్వాలు ఏమాత్రం ఆపలేదు.

పనిలో పనిగా రంగు మార్చేయొచ్చా?

ఆర్‌సీలో రంగు రాసి ఉంటుంది. ముందు రవాణా శాఖకి దరఖాస్తు పెట్టుకుని ఆర్‌సీలో మార్పించుకోవాలి.

బీచ్‌కి తీసుకెళ్తే నిజంగా అంత పాడవుతుందా?

కార్తీక మాసం పిక్నిక్‌కి కళింగపట్నమో చింతపల్లి బీచో వెళ్లొచ్చినంత మాత్రాన ఏం కాదు, ఇసుకలోకి దింపకపోతే. ఇంటికొచ్చాక అడుగు భాగం, చక్రాల వంపుల లోపల మంచినీళ్లతో బాగా కడగండి. ఉప్పు ఉన్నచోట తేమ ఆరదు, అదే అసలు బాధ.

## షెడ్డు, జాగ్రత్తలు

జాకీ ఎత్తి, కింద సిమెంట్ ఇటుకలు పెడితే చాలదా?

చాలదు. సిమెంట్ ఇటుక, ముఖ్యంగా బోలు ఇటుక, చెప్పాపెట్టకుండా పగులుతుంది.

ఒక డిసెంబర్లో, వాన వెలిసిన రెండో రోజు, మా పెరట్లో మారుతి వెనక చక్రం విప్పాను. కింద జాకీ ఒక్కటే. టీ గ్లాసు అందుకుందామని లేచాను. వెనక "టప్" మని చప్పుడు. తిరిగి చూస్తే జాకీ పక్కకి ఒరిగి, బ్రేక్ డ్రమ్ము నేను కూర్చున్న చోట మట్టిలో బెత్తెడు దిగిపోయి ఉంది. ఆ వారమే రెండు జాక్ స్టాండులు కొన్నాను. గట్టి నేల మీద పెట్టి, కాకపోతే మందపాటి చెక్క పలక వేసి, మిగతా చక్రాలకి అడ్డుగా రాళ్లు పెట్టాకే బండి కిందికి వెళ్లండి. విప్పిన చక్రాన్ని కూడా అడుగు పట్టీ కింద పడుకోబెట్టండి.

షెడ్డులో గొయ్యి తవ్వించుకుంటే పని తేలికవుతుందా?

తేలికే, కానీ ఇంటికి వద్దంటాను. చెరువుల పక్క ఊళ్లలో డిసెంబర్ దాకా అందులో నీళ్లే ఉంటాయి. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, వచ్చి ఆ గోతిలోనే కూర్చుంటుంది. ఒక్క బల్బు పగిలితే చాలు.

దోమలు, చలి. తలుపులు మూసుకుని పనిచేసుకోవచ్చా?

ఇంజన్ నడుస్తుండగా తలుపు మూయొద్దు. సైలెన్సర్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. తలనొప్పి, మత్తు అనుకునేలోపే మనిషి పడిపోతాడు. రెండోది, దోమల చక్రం వెలిగించి పక్కనే పళ్లెంలో పెట్రోల్ పోసి కార్బరేటర్ కడిగేవాళ్లని కళ్లారా చూశాను. చక్రం, బీడీ, దీపం ఏదీ వద్దు. ఫ్యాన్ పెట్టుకోండి, చలైతే స్వెట్టర్ వేసుకోండి.

మంచు పడకుండా గోనెపట్టా కప్పొచ్చా?

గోనె మంచుని పీల్చుకుని మధ్యాహ్నం దాకా తడిగా ఉంటుంది. నీలం టార్పాలిన్ లోపలి చెమ్మని బయటికి పోనివ్వదు. పైన కప్పు ఉండి నాలుగు వైపులా గాలాడే చోటైతే ఏదీ కప్పకపోయినా మంచిదే.

తీసేసిన ఆయిల్, పాత టైర్లు ఏం చేయాలి? టైర్లు భోగిమంటలో వేసేస్తాం.

టైరు పొగ విషం, పక్కింటి పసిపిల్లలు పీలుస్తారు. పాత సామాన్ల వాళ్లకి ఇచ్చేయండి. ఆయిల్ డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ కొనేవాళ్లకి ఇచ్చే షెడ్డులో అప్పగించండి. కాలవలో పోస్తే చివరికి పెద్ద చెరువులోనే తేలుతుంది.

## కాగితాలు, ప్రయాణం

15 ఏళ్లు దాటితే బండి తుక్కు కింద ఇచ్చేయాలటగా?

సొంత కారుకి మన రాష్ట్రంలో అలాంటి నిర్బంధం లేదు. ఢిల్లీ చుట్టుపక్కల నిబంధనల వార్తలు చూసి ఇక్కడ కంగారు పడుతున్నారు. పదిహేనేళ్లకి ఆర్‌సీ గడువు తీరుతుంది. బండి తనిఖీకి చూపించి, ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి కారుకి ఆ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలైంది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకి 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ వేరే. ఏపీ 30, ఏపీ 35 పాత నంబర్లు అలాగే ఉంటాయి, మార్చనక్కర్లేదు.

మా తాతగారి కారుకి వింటేజ్ నంబర్ వస్తుందా?

మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా ఉంటే వస్తుంది. 2021 జూలై నిబంధనల ప్రకారం కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, నంబర్లో వీఏ అక్షరాలు ఉంటాయి, పదేళ్లు చెల్లుతుంది. అయితే ఆ కారు మీద రోజూ బజారుకి వెళ్లడం కుదరదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, మరమ్మతులకి మాత్రమే తీయాలి. రోజూ తిప్పుకోవాలనుకుంటే మామూలు రెన్యువలే చేయించుకోండి.

సంక్రాంతికి పాత కారులోనే ఊరెళ్దామనుకుంటున్నాం. ఇచ్ఛాపురం దాకా పోగలదా?

ముందు ఒక ఆదివారం దగ్గర్లో యాభై కిలోమీటర్లు తిప్పి రండి. తిరిగొచ్చాక కింద ఆయిల్ మరకలు, చక్రాల వేడి చూడండి. నాలుగింట్లో ఒకటి మిగతావాటికంటే బాగా వేడెక్కితే అక్కడ బ్రేకు పట్టేసి ఉంది. టైరు పక్కన చివరి నాలుగంకెలు చదవండి: 2317 అంటే 2017లో 23వ వారం తయారైంది. గీతలు ఎంత లోతున్నా అంత పాత టైరుతో హైవే ఎక్కొద్దు.

భోగి ముందురోజు తెల్లారుజామున మడపాం టోల్‌గేటు వైపు మంచు దట్టంగా ఉంటే ముందున్న లారీ కూడా కనిపించదు. పాత హెడ్‌లైట్లు మసకగా ఉంటే ముందు ఎర్త్ తీగ విప్పి, తుప్పు గీకి బిగించండి. నూటికి యాభై బళ్లకి అంతటితోనే వెలుగు వస్తుంది. ఎండ వచ్చాక బయల్దేరితే అసలు గొడవే లేదు. డిక్కీలో స్టెప్నీ, ఫ్యాన్ బెల్టు, ఐదు లీటర్ల నీళ్లు, ఒక ప్లగ్గు, టార్చి. అరిసెల డబ్బా వాటి మీద పెట్టండి, కింద పెడితే స్టెప్నీ తీయాల్సి వచ్చినప్పుడు ఇంట్లో వాళ్లకి మీరే జవాబు చెప్పుకోవాలి.